చెరిపిన డిస్కు కింద మిగిలిన మాట

మా ఇంట్లో కంప్యూటరు కొన్న కొత్తల్లో దాని ముందు నాతో సమానంగా కూర్చున్న మనిషి మా వెనకింటి పిన్నిగారు. ఆవిడకి మౌసు పట్టుకోవడం రాదు. తెర మీద అక్షరాలు కూడా కూడబలుక్కునే చదివేవారు. అయినా ఇప్పుడు ఆ కంప్యూటరు గుర్తొస్తే, నేను నేర్చుకున్న ప్రోగ్రాములు గుర్తు రావు. చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, ఎవరూ లేని గోడవైపు చూస్తూ "ఆయ్" అనే ఆవిడ గుర్తొస్తారు.

అమలాపురంలో మాది చర్చి వీధి. నాన్నగారు హైస్కూల్లో టీచరు. డిగ్రీ అయ్యాక నేను కంప్యూటరు కోర్సులో చేరితే, ఇంట్లో సాధన చేసుకోవాలని ఒకటి కొన్నారు. సీడీలు రాసే డ్రైవు కూడా పెట్టించారు. దాన్ని వీధివైపు గదిలో పెట్టి, దుమ్ము పడకుండా అమ్మ పాత దుప్పటి కప్పేది.

పిన్నిగారిది మా పెరటి గోడ అవతల పెంకుటిల్లు. కొబ్బరి పీచు ఫ్యాక్టరీలో పని చేసేవారు. ఒక్కతే కూతురు, బళ్ళో చదువుకునేది. బాబాయిగారు మస్కట్‌లో ఒక కంపెనీ క్యాంపులో వంట చేసేవారు. ఆయన్ని నేను చూసింది తక్కువ. సెలవుకి వచ్చినప్పుడు మా గుమ్మంలో నిలబడి నాన్నగారితో మాట్లాడేవారు, లోపలికి రమ్మన్నా వచ్చేవారు కాదు. ఆ గొంతులో చిన్న బొంగురు ఉండేది. మాటకీ మాటకీ మధ్య ఎవరో వెనక నుంచి పిలిచినట్టు ఆగేవారు.

ఫోనులో వాళ్ళకి మాట్లాడుకోవడం చేతనయ్యేది కాదు. బూత్‌లో వెనక మనుషులు నిలబడి ఉంటారు. బాగున్నారా అంటే బాగున్నాం అనుకుని పెట్టేసేవారు. ఇంటికొచ్చాక, అడగాల్సినవన్నీ మర్చిపోయానని పిన్నిగారు మా అమ్మ దగ్గర బాధపడేవారు. బాబాయిగారి గదిలో ఉండే అల్లవరం ఆయన ఒకరు అక్కడ కంప్యూటరు కొనుక్కున్నాక ఈ ఇబ్బందికి దారి దొరికింది. బాబాయిగారు చెప్పదలచుకున్నదంతా దాంట్లో చెప్పి, ఒక డిస్కులో వేయించి, సెలవుకి వచ్చేవాళ్ళెవరి చేతో పంపించేవారు. మొదటిసారి పిన్నిగారు దాన్ని జేబురుమాల్లో చుట్టి మా ఇంటికి తెచ్చారు. రుమాలు విప్పగానే గదంతా అక్కడి సబ్బు వాసన.

అది చెరిపి మళ్ళీ రాసుకునే రకం డిస్కు. ఆయన మాటలు విన్నాక దాన్ని నేను ఫార్మాట్ చేసేదాన్ని. పిన్నిగారు మైకు ముందు కూర్చుని జవాబు చెప్పేవారు. ఆ జవాబు అదే డిస్కులో వేసి ఇస్తే, వెళ్ళేవాళ్ళతో పంపేవారు. అక్కడ ఆయన విని, చెరిపించి, మళ్ళీ మాట్లాడి పంపేవారు. కొత్త డిస్కు ఇస్తానంటే పిన్నిగారు ఒప్పుకునేవారు కాదు. ఇది ఆయన చేతిలోంచి వచ్చింది కదమ్మా, మళ్ళీ ఆయన చేతికే వెళ్ళాలి అనేవారు. మాటలు కంప్యూటర్లో దాచిపెడతానన్నా వద్దన్నారు. విన్నమాట మళ్ళీ వింటే బెంగ పెరుగుతుందట. పైగా మొగుడూ పెళ్ళాల మాటలు ఇంకొకరి ఇంట్లో ఉండకూడదట. అందుకని ఏదీ దాచలేదు.

ఆవిడ వింటున్నంతసేపూ నేను పక్కనే ఉండాల్సి వచ్చేది. మాట ఆగితే మళ్ళీ నడిపించాలి కదా. హెడ్‌ఫోన్లు ఆవిడ చెవులకి ఉండేవి కాబట్టి ఆయన మాట నాకు వినబడేది కాదు. ఈవిడ జవాబులు మాత్రమే వినబడేవి. "ఆయ్." "సరేనండి." "దానికి జొరం తగ్గిపోయిందండి." ఆయన వినడం లేదని ఆవిడకి తెలుసు. అయినా అండీ అనకుండా ఆయన మాట వినడం ఆవిడకి చేతకాదు. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత అలవాటైపోయింది.

ఫార్మాట్ చేసేటప్పుడు రెండు పద్ధతులు ఉండేవి. ఒకటి నిమిషంలో అయిపోయేది. అందులో, డిస్కులో ఏం ఉందో చెప్పే పట్టీ మాత్రమే పోతుంది, అసలు మాటలు అక్కడే ఉంటాయి. వాటి మీద కొత్తవి పడితేనే పోతాయి. రెండోది మొదటి నుంచి చివరిదాకా తుడుస్తుంది. దానికి చాలాసేపు పడుతుంది, మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికొస్తుంది. మా వీధిలో కరెంటు సంగతి తెలుసు కాబట్టి నేను ఎప్పుడూ మొదటిదే చేసేదాన్ని. అక్కడ అల్లవరం ఆయనా అదే చేసేవారట.

ఒక వర్షాకాలం బాబాయిగారి డిస్కు వచ్చింది. విన్నాక పిన్నిగారు మా అమ్మతో, మరో రెండేళ్ళు కాంట్రాక్టు పొడిగిస్తున్నారంట అక్కగారు అని చెప్పారు. సంతోషమో దిగులో ఆవిడ ముఖం చూస్తే తెలియలేదు. జవాబు చెప్పడానికి రెండు రోజులు తీసుకున్నారు. తర్వాత వచ్చి మైకు ముందు కూర్చుని చాలా తొందరగా మాట్లాడేసి వెళ్ళిపోయారు. కోళ్ళ గురించి, కూతురి మార్కుల గురించి, పెంకులు జారి వాన నీళ్ళు కారడం గురించి. చివర్లో, ఉండండి, రెండేళ్ళు ఎంతలో తిరుగుతాయి అన్నారు. మైకులో చెప్పేది కాబట్టి అది నేనూ విన్నాను.

ఆ డిస్కు వెళ్ళిన కొంతకాలానికి బాబాయిగారు పోయారని కబురొచ్చింది. నిద్రలో పోయారట. పెట్టెలో తీసుకొచ్చారు. పెట్టె ఎక్కువసేపు తెరవకూడదన్నారు. పిన్నిగారు ఆ ముఖాన్ని సరిగ్గా చూడనేలేదు. తర్వాత ఆవిడ అస్తమానూ అదే అనేవారు. మా అమ్మ రోజూ సాయంత్రం వెళ్ళి ఆవిడ పక్కన కూర్చునేది. ఆవిడ దీపం ఆవిడ పెట్టుకునేవారు, మా అమ్మ ప్రార్థన మా అమ్మ చేసుకునేది.

అల్లవరం ఆయన సెలవుకి వచ్చినప్పుడు బాబాయిగారి బ్యాగు తెచ్చి ఇచ్చారు. అందులో లుంగీలు, గడియారం, ఈ డిస్కు ఉన్నాయి. చివరి రోజు సంగతి ఆయన చెప్పారట. ఆ రోజు శుక్రవారం, సెలవు. పొద్దున్నే బాబాయిగారు పిన్నిగారి మాటలు ఇంకోసారి విని, డిస్కు ఖాళీ చేసి పెట్టమన్నారు. వంట అయ్యాక మాట్లాడతానన్నారు. వంట చేసి, అందరికీ వడ్డించి, కాసేపు నడుం వాల్చి లేస్తానని పడుకున్నారు.

పిన్నిగారు ఆ డిస్కు పట్టుకుని మధ్యాహ్నం మా ఇంటికి వచ్చారు. ఈసారి రుమాలు లేదు. నేను డ్రైవులో పెట్టాను. లోపల గిర్రున తిరిగింది, ఆకుపచ్చ లైటు చాలాసేపు మినుకుమినుకుమంది. తెర మీద ఖాళీ అని వచ్చింది.

"ఖాళీయే పిన్నిగారూ" అన్నాను.

"ఖాళీ అయితే అంతసేపు ఎందుకు తిరిగిందమ్మా? ఏదో వెతుక్కుంటున్నట్టుంది. సరిగ్గా చూడు."

ఖాళీ డిస్కు కూడా తిరుగుతుందని చెప్పాలనుకున్నాను. కానీ అది నిజంగా ఖాళీ కాదని నాకు తెలుసు. ఆ మాటే చెప్పాను. పట్టీ పోయింది గానీ కింద మాటలు ఉండొచ్చు, అవి కూడా మీరు పంపినవే అయి ఉంటాయి అన్నాను. నా మాటలైనా సరే, ఆయన చివర విన్నవి అవే కదా, తియ్యమ్మా అన్నారు.

మా కోర్సు చెప్పే మేష్టారి దగ్గర, పోయిన ఫైళ్ళని వెనక్కి తీసే సాఫ్ట్‌వేరు ఉండేది. తెచ్చుకుని, మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాను. డిస్కు అంతా గీరినట్టు చదువుతూ, పేర్లు లేని ముక్కలు ఒక్కొక్కటిగా బయటపెట్టింది. పిన్నిగారు ఫ్యాక్టరీ నుంచి వచ్చేలోపు, అవి వినబడుతున్నాయో లేదో చూద్దామని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను.

మొదటి ముక్క నేను అనుకున్నదే. పిన్నిగారి గొంతు. కోళ్ళు, మార్కులు, పెంకులు, ఉండండి, రెండేళ్ళు ఎంతలో తిరుగుతాయి. అక్కడితో ఆగిపోయింది.

రెండో ముక్క నొక్కాను. మాట మధ్యలో మొదలైంది, మగ గొంతు. వెనకాల ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. మా గదిలో ఫ్యాను ఆపి ఉంది. నేను తల ఎత్తి మా ఫ్యాను వైపు చూశాను.

"...మెట్లెక్కితే ఆయాసం వచ్చేస్తంది. ఎవరికీ చెప్పలేదు. ఇంక ఇక్కడ చాలనిపిస్తంది నాకు. వచ్చేసి అక్కడే ఏదో చిన్న హోటలు పెట్టుకుందాం. నువ్వు... నువ్వు వచ్చేయమంటే ఈ నెల్లోనే వచ్చేస్తాను." చాలాసేపు ఫ్యాను చప్పుడే. తర్వాత గొంతు మైకుకి దూరంగా, అల్లవరం ఆయన వైపు కాబోలు, జరిగింది. "ఒద్దులేరా. ఇది తీసెయ్. కంగారు పడిపోద్ది. మళ్ళీ చెప్తాను."

మూడో ముక్క పిన్నిగారు ఇదివరకు విన్నది. గొంతు సవరించుకుని, హుషారుగా, మరో రెండేళ్ళు పొడిగిస్తున్నాను అని మొదలవుతుంది. వెనకాల అదే ఫ్యాను.

ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది. ఆయన ముందు ఒకటి చెప్పి, వద్దనుకుని తీయించేసి, దాని వెనక రెండోది వేయించి పంపారు. తీసేసింది డిస్కు మొదట్లో కనబడకుండా ఉండిపోయింది. ఇక్కడ మేం ఫార్మాట్ చేసి పిన్నిగారి జవాబు వేసినప్పుడు, ఆ జవాబు సరిగ్గా దాని మీదే పడింది. ఆవిడ మాట చిన్నది, ఆయనది పెద్దది. అందుకని ఆయన మొదలుపెట్టిన మాటలు ఆవిడ మాటల కింద పోయి, తోక మిగిలింది.

హెడ్‌ఫోన్లు తీసేశాక కూడా ఆ ఫ్యాను ఆగలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి అమ్మకి చెప్పాను. ఆయన వద్దనుకున్న మాట ఆవిడకి వినిపించాలా? వినిపించకపోతే, నాకు మాత్రమే తెలిసి ఉండిపోతుంది. అమ్మ చేతిలో కూర కత్తిపీట మీద ఆగింది. కాసేపు ఆలోచించి, ఆవిడ మొగుడి మాట ఆవిడది, నీ దగ్గర ఉంచుకోవడానికి నువ్వెవరివే అంది.

సాయంత్రం పిన్నిగారు వచ్చారు. ఏం ఉందో ముందే చెప్పాను, వద్దంటే వద్దు అన్నాను. ఆవిడ హెడ్‌ఫోన్లు తీసుకుని, జుట్టు వెనక్కి సర్దుకుని పెట్టుకున్నారు. అమ్మ గుమ్మంలో నిలబడింది.

తన మాటలు వింటున్నప్పుడు ఆవిడ ముఖంలో ఏమీ లేదు. తర్వాత వీపు నిటారుగా అయింది. "ఆయ్" అన్నారు, ఎప్పటిలాగే. ఇంకా కాసేపు అయ్యాక, గోడవైపు చూస్తూ, అన్నం తినండి అన్నంత మామూలుగా, "వచ్చేయండి" అన్నారు.

మా అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

మూడో ముక్క ఆవిడ వినలేదు. హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుని, అంతకుముందు ఆయన ఏమన్నారని అడిగారు. అది పోయింది, దాని మీద మీ మాట పడింది అని చెప్పాల్సి వచ్చింది. ఆవిడ తెరవైపు తేరిపార చూశారు.

"అయితే నా మాట తీసెయ్యమ్మా. తీసేస్తే కింద ఆయన మాట వస్తుందా?"

"రాదు పిన్నిగారూ. అది ఇంక లేదు."

"కోళ్ళ గురించి చెప్పేనమ్మా నేను" అన్నారు. అంతే. ఏడవలేదు. డిస్కు అడిగి తీసుకుని, గోడ పక్క సందులోంచి ఇంటికి వెళ్ళిపోయారు.

తర్వాత ప్రతి శుక్రవారం వచ్చేవారు. ఆయన మాట్లాడతానన్న వారం అది. ఆ ఒక్క ముక్కా వినేవారు. వద్దని నేను అనలేకపోయాను. ఫైలు తెరిచి ఇచ్చి వసారాలో కూర్చునేదాన్ని. అయినా లోపలి నుంచి మాట వినబడేది. "ఆయ్", ఆ తర్వాత మౌనం, "వచ్చేయండి". ఏ క్షణానికి ఏం వస్తుందో నాకు కంఠతా వచ్చేసింది. శుక్రవారం కాని రోజుల్లో కూడా ఆ గదిలో కూర్చుంటే, ఆ మౌనం వచ్చేచోట నా వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయేవి. కంప్యూటరు ఆన్ చేయగానే డ్రైవు లైటు ఒకసారి వెలిగి ఆరుతుంది కదా, అది అన్ని కంప్యూటర్లకీ మామూలే. దానికీ ఉలిక్కిపడేదాన్ని. తలుపు తీసి ఉంచి పని చేసుకోవడం మొదలుపెట్టాను.

వీధిలో మాట పాకింది. పోయినాయన మా ఇంట్లో మాట్లాడుతున్నాడని చెప్పుకున్నారు. ఒకరోజు నాకు పరిచయం లేని ముసలావిడ ఒక పాత క్యాసెట్టు పట్టుకుని వచ్చింది. దాంట్లో ఒకప్పుడు తన కొడుకు మాట్లాడాడట, తర్వాత ఎవరో దాని మీద పాటలు ఎక్కించేశారట, అబ్బాయి గొంతు పైకి తియ్యమని అడిగింది. నాకు రాదన్నాను. క్యాసెట్టులో అలా మిగలదని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. ఆ వెనకింటావిడకి వాళ్ళాయన్ని తెచ్చేవంట కదమ్మా అంది. నాన్నగారు కంప్యూటరు అమ్మేద్దామన్నారు.

అమ్మే పని లేకుండానే అది తేలింది. పంట కోతల కాలంలో ఒక శుక్రవారం పిన్నిగారు వచ్చి కుర్చీలో కూర్చోలేదు. డిస్కు నా చేతిలో పెట్టారు.

"తుడిచేయమ్మా. ఈసారి మొత్తం."

మళ్ళీ రాదు పిన్నిగారూ, ఎవరూ తియ్యలేరు అన్నాను.

"తెలుసమ్మా. ఆయన వారం వారం అడుగుతున్నారు, వచ్చేయమంటావా అని. నేను వచ్చేయండంటున్నాను. మళ్ళీ వారం మళ్ళీ అడుగుతున్నారు. మనిషిని అలా గుమ్మంలో నిలబెట్టడం బాగోలేదు. ఆయన తీసెయ్యమన్నారు కదా. తీసేద్దాం."

కంప్యూటర్లోకి తీసిన ముక్కల్ని కూడా తీసేయమన్నారు. ఆవిడ చూస్తుండగా ఒక్కొక్కటి తీసేశాను. డిస్కు పెట్టి, పూర్తిగా చెరిపేది ఎంచుకున్నాను. ఖాయమేనా అని తెర అడిగింది. ఏమంటోంది అన్నారు. చెప్పాను. "ఆయ్" అన్నారు. నొక్కాను.

అది నడుస్తున్నంతసేపూ ఇద్దరం కూర్చున్నాం. తెర మీద నీలం గీత చాలా నెమ్మదిగా జరిగేది. సగంలో కరెంటు పోయింది. కొత్తగా కొన్న యూపీఎస్ కుయ్‌కుయ్‌మని అరవడం మొదలుపెట్టింది. అది ఎంతసేపు పనిచేస్తుందో నాకు నమ్మకం లేదు. పిన్నిగారు రెండు చేతులూ బల్ల మీద ఆనించి, డిస్కు తిరుగుతున్న చప్పుడు వింటున్నారు. ఆగిపోతే ఇంకోసారి ఆవిడని ఈ గదిలో కూర్చోబెట్టాలి, ఇంకోసారి అడగాలి. దేవుడా, పూర్తికానియ్యి అనుకున్నాను. అలాంటి విషయానికి ప్రార్థన చేయొచ్చో లేదో ఇప్పటికీ తెలియదు. గీత చివరికి చేరింది, ట్రే దానంతటది బయటికి వచ్చింది.

పిన్నిగారు డిస్కు తీసుకుని, వెలుతురుకి ఎత్తి ఇటూ అటూ తిప్పి చూశారు. పైకి ఏ తేడా కనబడదు. తర్వాత దాన్ని బల్ల మీద పెట్టి, నువ్వు వాడుకో అమ్మా, చదువుకునే పిల్లవి అన్నారు. నేను దాన్ని ఎప్పుడూ వాడలేదు. ఇల్లు మారినప్పుడు ఎక్కడ పోయిందో కూడా తెలియదు.

ఆ తర్వాత ఆవిడ మామూలుగానే బతికారు. ఫ్యాక్టరీ మానేసి, ఇంటి ముందు పొయ్యి పెట్టి పొద్దున్న టిఫిన్లు అమ్మారు. కూతుర్ని నర్సింగు చదివించారు. నేను కంప్యూటరు టీచరునయ్యాను. ఫైళ్ళు చెరపడం గురించి ఏటా పిల్లలకి పాఠం చెబుతాను. చెరిపేస్తే ఎక్కడికి వెళుతుంది టీచర్ అని ఎవరో ఒకరు అడుగుతారు. పుస్తకంలో ఉన్న జవాబు చెబుతాను. చెబుతుండగా, క్లాసులో ఫ్యాను కిర్రుమంటే, కాసేపు మాట తడబడుతుంది.

కిందటి వానల్లో పి.గన్నవరంలో ఆవిడ కూతురింటికి వెళ్ళాను. పిన్నిగారు బాగా నెరిశారు. అమ్మ గురించి, టిఫిన్ల గురించి, మనవడి గురించి మాట్లాడుకున్నాం. కూతురు డ్యూటీకి వెళ్ళాక, ఇంట్లో ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించి అడిగారు.

"ఆయన గొంతు ఎలా ఉండేదమ్మా?"

నేను ఆవిడ వైపు తిరిగాను.

"ముఖం ఫొటోలో ఉంది. గొంతే పోయింది. ఎంత తలుచుకున్నా రావట్లేదు. నువ్వు విన్నావు కదా."

నాకు ఆ గొంతు ఇప్పటికీ నిన్న విన్నట్టు ఉంటుంది. ఆ బొంగురు, ఆ ఆగడం, ఆయాసంలో ఎక్కడ ఊపిరి తీసుకున్నారో అదీ. పెళ్ళానికి పోయిన గొంతు పరాయిదాన్నైన నా దగ్గర మిగిలింది. దాన్ని తీసి ఆవిడ చేతిలో పెట్టే దారి లేదు. కొంచెం బొంగురుగా ఉండేది పిన్నిగారూ, నిదానంగా మాట్లాడేవారు, నువ్వు అనే ముందు కాస్త ఆగేవారు అని చెప్పాను. అంతకంటే చెప్పడం చేతకాలేదు.

ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు. పెదవులు కదిలాయి. ఆ "నువ్వు" ముందు ఆగడాన్ని తనే అని చూసుకుంటున్నారనుకుంటాను. కాసేపయ్యాక తల అడ్డంగా ఊపారు.

"అలాగే ఉండేదేమోనమ్మా" అని, వాన పెద్దదవుతోందని కిటికీ తలుపులు వేయడానికి లేచారు.